అవ్వ చెవి మిషను, చిన్నతాత లెక్కల మిషను

ఇప్పుడు మా వీధి చివర కిరాణా అంగట్లో షాంపూ పొట్లాల సరం పక్కనే బిళ్ళ బ్యాటరీల అట్ట వేలాడుతూ ఉంటుంది. పిల్లల బొమ్మకో, జ్వరం చూసే పుల్లకో ఒకటి కావాలంటే చించి చేతిలో పెట్టేస్తారు, పక్కింట్లో కరివేపాకు రెబ్బ అడిగినంత తేలిగ్గా. ఆ అట్టను చూసినప్పుడల్లా నేను మాత్రం ఒక అడుగు వెనక్కి వేస్తాను. పాముకు భయపడేవాళ్ళను, బల్లికి భయపడేవాళ్ళను మీరు చూసే ఉంటారు, బ్యాటరీకి భయపడే మనిషిని చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. ఎనభైల నడిమిలో, డిగ్రీ ముగించి, ఫిజిక్సులో ఫస్టు క్లాసు తెచ్చుకుని, చేతిలో ఉద్యోగం లేక నోట్లో మాత్రం నాలుక నిండుగా ఉన్న రోజుల్లో, గోరంత బిళ్ళ ఒకటి మా కుటుంబం బావిని మింగబోయింది. హిందూపురంలో చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు బండ్లకొద్దీ దొరికేవి గానీ, నమ్మకంగా పనిచేసే బిళ్ళ ఒక్కటి, మాకు తూగే ధరలో, దొరికితే అది ఆ ఏటికి పండగే.

ముందు మా అవ్వ గురించి చెప్పాలి. అవ్వకు చెవుడు. చెవుడు వచ్చిందని ఒప్పుకోవడం ఆమెకు నామోషీ. అందుకని వినబడని ప్రతి మాటకూ ఒకే జవాబు తయారు చేసి పెట్టుకుంది: "ఆఁ, అట్లేలేప్పా." పాలమనిషి పాలలో చుక్క నీళ్ళు కలపలేదని ఒట్టు పెట్టినా, పక్కింటావిడ తన కోడలు పిశాచమని చెప్పినా, అవ్వ తల నిదానంగా ఊపి "ఆఁ, అట్లేలేప్పా" అనేది. ఒకసారి నేను కావాలనే వెనక నిలబడి, "అవ్వా, నేను సన్యాసుల్లో కలిసిపోతా" అన్నాను. దానికీ అదే దీవెన. (ఇప్పుడు తలుచుకుంటే, అది విని కూడా అన్నదేమో అనిపిస్తుంది.) ఈ జవాబు వల్ల ఎవరికీ నష్టం లేకపోయింది, బావి వ్యాజ్యం కోర్టు ఎక్కేదాకా.

పెనుకొండ దగ్గరి పల్లెలో మా తాత, ఆయన తమ్ముడు, అంటే మా చిన్నతాత, భాగాలు పంచుకున్నప్పుడు కాగితం ముక్క రాసుకోలేదు. పెద్దమనుషులు బావిగట్టు మీద కూర్చుని నోటితో చెప్పారు, అన్నదమ్ములు ఆ నీళ్ళు ముట్టి సరేనన్నారు. మా వైపు నేలకు ఆ బావి తప్ప ఇంకో తడి లేదు. తాత పోయాడు. పెద్దమనుషులూ ఒక్కొక్కరే పోయారు. అప్పుడు చిన్నతాత బావి మొత్తం తనదేనని పెనుకొండ కోర్టులో దావా వేశాడు. ఆ పొద్దు గట్టు మీద ఉన్నవాళ్ళలో ప్రాణంతో మిగిలింది ఇద్దరే. ఒకరు దావా వేసిన చిన్నతాత, రెండోవారు మా అవ్వ.

మా ప్లీడరుకు ఎప్పుడూ దగ్గు. వాక్యానికొకసారి దగ్గి, మనం భయపడాల్సిన చోట రెండుసార్లు దగ్గేవాడు. "ఆయమ్మ నోటిమాట తప్ప మనకు ఇంకో ఆధారం లేదప్పా," అని మా నాయనతో చెప్పాడు. "అవతలి ప్లీడరు గొంతు తగ్గించి అడుగుతాడు, 'బావి మీ మరిదిదే కదమ్మా' అని. ఆయమ్మ వినబడక 'ఆఁ, అట్లేలేప్పా' అనిందనుకో..." ఇక్కడ రెండుసార్లు దగ్గాడు. "బావి పాయె."

ఆ మాటతో మా ఇంట్లోకి చెవి మిషను వచ్చింది. అప్పట్లో బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దన్న అవ్వను డాక్టరుకు చూపించి కొనిచ్చాడు. చెవి వెనక తగిలించుకునేది, జీడిగింజ అంత ఉంటుంది. దాని పొట్టలో ఒక బిళ్ళ వెయ్యాలి. బిళ్ళ బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. మిషనును పిడికిట్లో పెట్టి మూస్తే 'కుయ్య్' మని కూస్తుంది. గట్టిగా కూస్తే బిళ్ళ నిండుగా ఉన్నట్టు. గొంతు పోయిన కోడిపుంజులా కూస్తే ఇవాళో రేపో అన్నట్టు. కూయకపోతే మళ్ళీ దుడ్లు తీసుకుని అంగడికి పరుగు.

పెద్దన్న బెంగుళూరులో ఉన్నన్నాళ్ళూ బిళ్ళలు పంపాడు. తర్వాత ఆయనకు బొంబాయికి బదిలీ అయింది, మాకు హిందూపురం బజారు గతి అయింది. ఊళ్ళో ఆ బిళ్ళలు అమ్మేది గడియారాల అంగడి సాయబు ఒక్కడే. మా వీధి పిల్లలందరికీ ఆయన 'గడియారం మామ'. ఒక బిళ్ళకు పెట్టే ధరకు మా ఇంటికి రెండు పూటల కూరగాయలు వచ్చేవి. అందుకని నాయన ఒక నియమం పెట్టాడు: "అమ్మా, పండుకునేటప్పుడు బిళ్ళ బయటికి తీసి బద్రంగా పెట్టుకో. రాత్రిళ్ళు చెవికేం పని?" అవ్వ ఆ నియమాన్ని భక్తిగా పాటించింది. అయినా బిళ్ళలు నాలుగు నాళ్ళు తిరక్కుండానే చచ్చిపోయేవి. రాత్రి గట్టిగా కూసిన మిషను పొద్దున్నే మూగబోయేది. ఇంట్లో అందరూ ఒకటే తీర్మానానికి వచ్చాం: సాయబు పాత సరుకు అంటగడుతున్నాడు. ఆ సంగతి ఆయనకు చెప్పే పని, సహజంగానే, నాకు అప్పజెప్పారు.

"ఏం మామా, బ్యాటరీలు అమ్ముతాండావా, బ్యాటరీల పీనుగులు అమ్ముతాండావా?" అన్నాను అంగడి మెట్టెక్కుతూనే. ఆయన కంటికి బిగించుకున్న అద్దం తియ్యకుండానే తలెత్తాడు.

"నిదానం పాపా. నా బిళ్ళలు ఊరంతా ఆడుతాండాయి. కాలేజీ అయ్యవార్ల లెక్కల మిషన్లలో ఏసేదీ ఈ సైజు బిళ్ళే. ఏడాదికొకతూరి గూడా మార్చుకోరు. మీ అవ్వ చెవిలోనే సస్తాండాయి."

"అంటే మా అవ్వ చెవి వల్లకాడా?"

"నేననలేదమ్మా. ఆ మాట నువ్వే అంటివి."

"నేను ఫిజిక్సు చదివినా మామా. కరెంటు గురించి నాకు చెప్పొద్దు."

"నేను కరెంటు గురించి యాడ చెప్తిని? చెవి గురించి చెప్తి."

అంగట్లో వాచీలు బాగు చేయించుకుంటున్న ఇద్దరు నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇంక నీ అంగడి గడప తొక్కితే అడుగు!" అని మెట్లు దిగి వచ్చేశాను. నేను వీధి మలుపు తిరిగేదాకా ఆయన గొంతు వినబడుతూనే ఉంది: "పోయిరా పాపా. మల్ల వచ్చేటప్పుడు ఆ మిషను గూడా తెచ్చుకో." మళ్ళీ వస్తానని ఆయనకు అంత నమ్మకం. ఆ నమ్మకమే నన్ను ఎక్కువగా మండించింది.

సరిగ్గా ఆ పౌరుషం చల్లారక ముందే వాయిదా వచ్చింది. అవ్వ సాక్ష్యం రేపు పొద్దున పెనుకొండలో అనగా మిషను మూగబోయింది. నాయన ముఖం చూడలేకపోయాను. "పాపా, ఆ సాయబు దగ్గరికే పోయి..." అని మొదలుపెట్టాడు. "చచ్చినా పోను నాయనా" అన్నాను. బెంగుళూరు పోదామంటే ఆ రోజు అక్కడ బందు, బస్సులు లేవు. మిగిలింది ధర్మవరం. పట్టుచీరలు కొనడానికి ఎక్కడెక్కడినుంచో జనం వచ్చే ఊరు కాబట్టి, స్టేషను దారిలో ఒక శెట్టి అంగట్లో టేపురికార్డర్లు, సెంటుబుడ్లు, మెరిసే పెన్నులతోబాటు సీలు తీయని బిళ్ళలు కూడా దొరుకుతాయని విన్నాను. మిషనును జేబురుమాలులో చుట్టుకుని ప్యాసింజరు ఎక్కాను. రైలు పెనుకొండలో ఆగినప్పుడు కిటికీలోంచి కొండ కనిపించింది. ఆ కింద ఎక్కడో రేపు మా బావి ఉంటుందో పోతుందో తేలుతుంది. అప్పటిదాకా నాకు కోపం మాత్రమే ఉండింది, ఆ క్షణంలో భయం మొదలైంది.

ధర్మవరం శెట్టి బిళ్ళను అద్దాల బీరువాలోంచి, పెండ్లికూతురి ముక్కుపుడక తీసినంత జాగ్రత్తగా తీశాడు. అట్టకు అంటించి, పైన పలుచటి ప్లాస్టిక్కుతో మూసి ఉంది. ధర విని, అట్ట వెనక ఇంకో బిళ్ళేమైనా ఉందేమోనని తిప్పి చూశాను.

"ఇప్పి చూస్తాను శెట్టిగారూ."

"ఇప్పితే నీదే తల్లీ. మల్ల ఎనక్కి తీసుకునేది లేదు."

"పని చెయ్యకపోతే?"

"పని చెయ్యకపోతే నీ కర్మ."

"నా కర్మకు ఇంత ధర యాలప్పా? మా ఊర్లో కర్మ శానా చవగ్గా దొరుకుతాది."

శెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. చీరలు బేరమాడే ఊళ్ళో నాలాంటివాళ్ళను ఆయన రోజూ చూస్తూనే ఉంటాడు గాబోలు, నవ్వి కొంచెం తగ్గించాడు. నేను అక్కడే రెండు అట్టలు చించి, ఒకదాని తర్వాత ఒకటి మిషనులో వేసి పిడికిలి మూశాను. కుయ్య్! రెండోదీ కుయ్య్! సెంటుబుడ్డి మూతి వాసన చూస్తున్న ఒక పెద్దమనిషి ఉలిక్కిపడి బుడ్డిని బల్లమీద పెట్టేశాడు. ఈ కూత గడియారం మామ వినాలి అనుకున్నాను. సాయంత్రం రైలు దిగి ఇంటికి నడుస్తుంటే హిందూపురం నాదే అనిపించింది. కావాలనే ఆయన అంగడి ముందు నుంచి నడిచాను. ఆయన తలెత్తనేలేదు.

ఆ సాయంత్రం అవ్వ సమస్తం విన్నది. మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని అమ్మ గొణిగింది విన్నది. నాయన నిట్టూర్చింది విన్నది. "ఏమప్పా, అంత గాలి యాల ఇడుస్తాండావు? నేనుండాను కదా," అంది. పడుకోబోతూ ఎప్పటిలాగే బిళ్ళ తీసింది. "రెండూ నాకియ్యి మే, బద్రంగా పెట్టుకుంటా," అని రెండో బిళ్ళ కూడా నా దగ్గర తీసుకుంది. నేను నిశ్చింతగా నిద్రపోయాను.

పొద్దున్నే బస్సులో అవ్వ మిషను పెట్టుకోనంది. "ఈ డొక్కు బస్సు మోత ఇనేదానికి బిళ్ళ కరిగించుకోవల్లనా?" అంది. అదీ న్యాయమే అనిపించింది. పెనుకొండ కోర్టు ముందు వేపచెట్టు కిందికి చేరుకున్నాం. నాయన, ప్లీడరు లోపలికి వెళ్ళారు. "అవ్వా, ఇంక మిషను పెట్టుకో," అని సైగ చేశాను. అవ్వ నడుములో దోపుకున్న వక్కాకు సంచి బయటికి లాగింది. ఆ సంచి మా అవ్వ ప్రపంచం. వక్కలు, తమలపాకులు, ఇత్తడి సున్నం డబ్బీ, అడకత్తెర, పెట్టె తాళంచెవులు, చిల్లర, తాత వాడిన వెండి ఉంగరం, అన్నీ అందులోనే. దాన్లో చెయ్యి పెట్టి అడుగుదాకా కెలికి, చిల్లర మధ్యలోంచి రెండు బిళ్ళలూ ఏరి నా అరచేతిలో పెట్టింది.

బిళ్ళలు వెచ్చగా ఉన్నాయి.

ఆ వెచ్చదనం నా అరచేతిలోంచి మెదడుకు చేరడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. మిషనులో వేసి పిడికిలి మూశాను. కూత లేదు. రెండోది వేశాను. లేదు. తాళంచెవులు, చిల్లర, ఇత్తడి డబ్బీ, పైన తడి సున్నం. ఇంత లోహం నడుమ రాత్రంతా నలిగితే బిళ్ళ రెండు ముఖాలకూ దారి దొరికి ఉన్నదంతా కారిపోక ఏమవుతుంది? ఇది నేను పరీక్షలో బొమ్మ గీసి రాసిన పాఠం. మార్కులు కూడా వేశారు.

"అవ్వా! రోజూ ఈడనే పెడ్తాండావా?" అని అరిచాను.

అవ్వ నిదానంగా తల ఊపింది. "ఆఁ, అట్లేలేప్పా."

ఇక పరుగు. పెనుకొండ బజారంతా ఒక చివరనుంచి ఇంకో చివరకు పరుగెత్తాను. రేడియో రిపేరు అంగట్లో టార్చిలైటు బ్యాటరీలు చూపించాడు, ఒక్కొక్కటి అవ్వ చెవి కంటే పెద్దది. గాజుల అంగడివాడు "రేపు తెప్పిస్తా అక్కా," అన్నాడు. ఒకాయన జాలిపడి తన చేతి వాచీ విప్పబోయాడు గానీ అది కీ ఇచ్చేది. చెమటతో, చిందరవందర జుట్టుతో కోర్టు గుమ్మం దగ్గరికి తిరిగొచ్చేసరికి మా ప్లీడరు బయట నిలబడి ఉన్నాడు. "ఇంకొక కేసు అయినాక మనదే. ఆయమ్మ రెడీయేనా?" అన్నాడు. నేను జరిగింది చెప్పాను. ఆయన దగ్గలేదు. అది చూసి నాకు నిజంగా ప్రాణం పోయింది.

అప్పుడు చూశాను. అవతల గోడ నీడలో అరుగు మీద చిన్నతాత కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన ప్లీడరు. చిన్నతాత పట్టుగూళ్ళ వ్యాపారం చేసేవాడు. తొడ మీద చిన్న లెక్కల మిషను పెట్టుకుని, వేలితో టకటక కొడుతూ ఏదో గూళ్ళ ధర చూసుకుంటున్నాడు. లెక్కల మిషన్లలో ఏసేదీ ఈ సైజు బిళ్ళే అన్న సాయబు మాట చెవిలో మోగింది.

మూడేళ్ళుగా ఆ ఇంటివాళ్ళతో మాకు మాటల్లేవు. చివరిసారి మాట్లాడింది నేనే. బావిగట్టు మీద, పదిమంది ముందు, చిన్నతాతను పట్టుకుని నేనన్న మాట ఊళ్ళో చాలా రోజులు తిరిగింది. ఇప్పుడు ఆయన దగ్గరికి వెళ్ళి, ఆయన్ను ఓడించడానికి ఆయన బిళ్ళనే అడగాలి. నా జీవితంలో అరుగుదాకా నడిచిన అన్ని నడకల్లోనూ అది పొడవైనది.

"చిన్నతాతా."

ఆయన తల ఎత్తలేదు. "ఏమ్మే, మొగం తిప్పుకొని పోతాంటివి. ఇయ్యాల దోవ తప్పినావా?"

"నీ లెక్కల మిషన్లో ఉండే బిళ్ళ కావల్ల."

"యాలకు?"

"అవ్వ చెవికి. ఆమె బిళ్ళలు సచ్చిపోయినాయి."

ఆయన ప్లీడరుకు ముందు నవ్వు, తర్వాత సంతోషం వచ్చాయి. "చూడమ్మా, ఇట్లాంటివి అడగకూడదు," అన్నాడు మెత్తగా. చిన్నతాత మాత్రం లెక్క ఆపి నన్ను చూశాడు.

"బావికాడ నన్ను ఒక మాట అంటివి కదా. గుర్తుండాదా?"

"ఉండాది."

"మల్ల చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మా ప్లీడరు గూడా ఇనల్ల."

లోపల బంట్రోతు ఎవరినో పిలుస్తున్నాడు. అది మా పిలుపేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. నేను కళ్ళు మూసుకుని చెప్పాను: "బావినంతా మింగినా గొంతు తడవని కప్ప అంటి."

గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చిన్నతాత ఒక శబ్దం చేశాడు. అది నవ్వని నాకు కాసేపటికి గాని తెలియలేదు. "మా అన్న గూడా నన్ను చిన్నప్పుడు కప్ప అనేటోడు," అన్నాడు. లెక్కల మిషనును బోర్లించి, వెనకవైపు మూతను బొటనవేలితో తోశాడు. ఆయన ప్లీడరు లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, నీకేమన్నా మతి పోయిందా? ఆ బిళ్ళ ఇస్తే నేనింక ఇంటికి పోయి పండుకోవల్ల!"

"నువ్వు గమ్మునుండు సామీ. మా వదిన చెవుడు మీద గెల్చినానంటే ఊర్లో నాకు నీళ్ళు దిగుతాయా? ఇనపడల్ల ఆమెకు. ఇనపడి, తెలిసి జవాబు చెప్పి, అప్పుడు ఓడిపోవల్ల." రెండు బిళ్ళలూ రాలి ఆయన చేతిలో పడ్డాయి. "రెండూ తీసుకపో. ఒకటి పోతే ఇంకొకటి."

నేను తిరిగి పరుగెత్తాను. గుమ్మం దగ్గర బంట్రోతు అవ్వ పేరు రెండోసారి పిలుస్తున్నాడు. అవ్వ ప్రశాంతంగా ఆకుకు సున్నం రాస్తోంది. బిళ్ళ వేసి పిడికిలి మూశాను. కుయ్య్! అంత మంచి సంగీతం నేను మళ్ళీ వినలేదు. మిషను అవ్వ చెవికి తగిలించి, "ఇది చిన్నతాత ఇచ్చిన బిళ్ళ అవ్వా," అన్నాను. రెండో బిళ్ళను అవ్వ చెయ్యి చాచి అడిగింది. ఇవ్వలేదు. జేబురుమాలు కొసన విడిగా ముడి వేసుకున్నాను.

అవ్వ బోనులో నిలబడి చెవి వెనక మిషను సర్దుకుంటుంటే అది మళ్ళీ కూసింది. జడ్జిగారు కాగితాల మీంచి తలెత్తి, "ఏమిటా శబ్దం?" అన్నారు.

"నా చెవి సామీ. ఇప్పుడే మేలుకునింది," అంది అవ్వ.

చిన్నతాత ప్లీడరు, మా ప్లీడరు చెప్పినట్టే, గొంతును నేలకు దించాడు. ప్రతి ప్రశ్నకూ నేను బెంచీ అంచును పట్టుకున్నాను. నాయన పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తున్నాడో.

"బావి గోడ కట్టించింది మీ మరిదే కదమ్మా?"

అవ్వ తల నిదానంగా ఊగడం మొదలైంది. ఆ ఊపు నాకు తెలుసు. "గోడ ఆయప్పే కట్టించినాడు, అబద్దం యాల చెప్పల్ల? రాళ్ళు అందించింది మాత్రం నేను."

"పూడిక తీయించింది?"

"ఆయప్పే."

"మోటారు పెట్టించింది?"

"ఆయప్పే."

ప్లీడరు గొంతు ఇంకా తగ్గింది. ముందు బెంచీలో ఉన్న నాకే సరిగా వినబడలేదు. "అంటే బావి ఆయనదే అని ఒప్పుకుంటున్నట్టే కదమ్మా?"

అవ్వ మిషనును వేలితో సర్దుకుని ప్లీడరు వైపు వంగింది. "ఊడ్చి, తుడిచినోళ్ళదే ఇల్లయితే, మీ ఇల్లు మీ పనిమనిషిది సామీ."

వెనక ఎవరో నవ్వి, జడ్జిగారి చూపు చూసి ఆపుకున్నారు. అవ్వ అడగకుండానే మిగతాది చెప్పింది. బావికి తూర్పున మోట తోలే కపిలె మరిదిది, పడమటి కపిలె మాది. ఎవరి ఎద్దులు వాళ్ళ వైపు నుంచి నీళ్ళు తోడాలని పెద్దమనుషులు చెప్పారు. అన్నదమ్ములిద్దరూ గట్టు దిగి నీళ్ళు ముట్టారు. చిన్నతాత కాలు జారితే తాత రెక్క పట్టుకున్నాడు.

ప్లీడరు ఇప్పుడు గొంతు తగ్గించలేదు. "ఆ రోజు ఉన్నవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి మీరు ఏమైనా చెప్పవచ్చు!"

"యాల లేరు? ఆడ కూచున్నాడు కదా," అంది అవ్వ. ఎవరూ ఊహించని పని చేసింది. చెవి వెనకనుంచి మిషను ఊడబీకి, గోటితో దాని పొట్ట తెరిచి, బిళ్ళను అరచేతిలోకి దులిపి, ఆ చెయ్యి బోనులోంచి బయటికి, చిన్నతాత వైపు చాపింది. "ఏమప్పా, ఈ బిళ్ళ నీదంట కదా. నా మనవరాలు చెప్పింది. నేను ఇప్పుడు చెప్పిన మాట అబద్దమైతే వచ్చి తీసుకపో."

చిన్నతాత లేచాడు. పైగుడ్డ భుజం మీంచి జారితే పట్టించుకోలేదు. అవ్వ చెయ్యి చాచి అట్లాగే నిలబడి ఉంది. ఆయన ఒక అడుగు వేస్తాడేమోనని నేను చూస్తున్నాను. ఆయన ప్లీడరూ అదే చూస్తున్నాడు, ఆశగా.

"ఉండనీలే వదినా," అన్నాడు చిన్నతాత. గొంతు చాలా మెత్తగా ఉంది. "పడమటి కపిలె మీదే. అన్న పట్టుకోకుంటే ఆ పొద్దు నేను బావిలోనే పడుంటి."

ఆయన ప్లీడరు నుదురు కొట్టుకున్నాడు. నాయన కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ అవ్వ వైపు చూశారు. మూడేళ్ళ వ్యాజ్యాన్ని ముగించే మాటకు ఆమె ఏమంటుందా అని. చెవిలో మిషను లేని మా అవ్వ ఆ నిశ్శబ్దాన్నంతా ఒకసారి కలయజూసి, తల నిదానంగా ఊపింది.

"ఆఁ, అట్లేలేప్పా."

జడ్జిగారు ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఫైలు వణకడం మేమందరం చూశాం. ఆయన అనుమతితో నేను బోను దగ్గరికి వెళ్ళి, అవ్వ చెవిలో నా ఊపిరంతా పెట్టి చిన్నతాత అన్న మాట అరిచాను. కోర్టు పెంకులు ఎగిరిపోలేదంటే అవి గట్టి పెంకులే. అవ్వ విని, చిన్నతాత వైపు తిరిగి, "మల్ల ఇంత దూరం యాల తీసుకొస్తివి నన్ను? ఇంటికాడ చెప్పుంటే సరిపోయేది కదా!" అంది. మాట్లాడుకుని రాజీ కాగితం పట్టుకురమ్మని జడ్జిగారు వాయిదా వేశారు.

బయటికి రాగానే అవ్వ బిళ్ళను వక్కాకు సంచిలోకి దించబోయింది. నేను మణికట్టు పట్టుకున్నాను.

మర్నాడు గడియారం మామ అంగడి గడప తొక్కాను. (అడుగు అన్నాను కదా, ఆయన అడగలేదు. అది ఆయన పెద్దరికం.) "అమ్మేటప్పుడే చెప్పొద్దా మామా, తాళంచెవులు, చిల్లర దగ్గర పెట్టగూడదని?" అని నిలదీశాను.

"వక్కాకు సంచిలో ఏసి సున్నం పూస్తారని నేను కలగన్నానా పాపా?" అని, బల్లకింద నుంచి ఫోటో రీలు వచ్చే ప్లాస్టిక్ డబ్బీ ఒకటి తీసి, లోపల దూది పెట్టి ఇచ్చాడు. "దీంట్లో పెట్టించు. ఒక్క బిళ్ళను ఒక్కటిగానే." ఆ డబ్బీకి దుడ్లు తీసుకోలేదు. తీసుకుని ఉంటే వాదించడానికి నాకు ఇంకొక విషయం ఉండేది. తర్వాత చిన్నతాత గూళ్ళ సంతకు బెంగుళూరు పోయినప్పుడల్లా తన లెక్కల మిషనుకు బిళ్ళలు కొంటూ వదినకు కూడా తెచ్చేవాడు. ఇచ్చి గమ్మున పోకుండా, అవ్వ మిషను పెట్టుకునేదాకా అరుగు మీదే కూర్చునేవాడు. తర్వాత ఇద్దరూ పాత సంగతులు తవ్వుకుని గంటలకొద్దీ పోట్లాడేవాళ్ళు.

అవ్వ లేదు, చిన్నతాతా లేడు. పడమటి కపిలె రాళ్ళు మాత్రం ఉన్నాయి. మొన్న ఇనప బీరువా సర్దుతుంటే పాత డబ్బీలో అవ్వ మిషను దొరికింది. కిరాణా అంగట్లో అట్టనుంచి ఒక బిళ్ళ గిల్లించుకుని వచ్చి, అది పని చేస్తుందన్న ఆశ లేకుండానే వేసి, పిడికిలి మూశాను. కుయ్య్! వంటింట్లోంచి మా ఆయన "ఏమిటది?" అని అరిచారు. జవాబు చెప్పలేదు. ఆ వయసులో నేనూ అంతే కదా అనుకున్నాను. ఎవరైనా కాస్త పిడికిలి మూస్తే చాలు, ఊరంతా వినబడేట్టు కూసేదాన్ని. మా ఆయన మళ్ళీ అడిగారు. నేను తల నిదానంగా ఊపి, "ఆఁ, అట్లేలేప్పా," అన్నాను.